ప్లేటు మీద లేని పేర్లు

పాటలు వినిపించే యాప్‌ను ఫోనులో ఎక్కించుకోగానే చాలావాటిలో మొదట ఎదురయ్యే ప్రశ్న, ఏ భాష పాటలు కావాలని. ఆదోనిలో ఈ ప్రశ్నకు ఒక్క జవాబుతో సరిపెట్టుకోవడం కష్టం. పత్తి మార్కెట్టు యార్డులో తెలుగులో మొదలైన బేరం కన్నడంలోకి జారి ఉర్దూలో తెగవచ్చు. శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్నస్వామి దర్శనానికి కర్ణాటక నుంచి వచ్చే బండ్లు బారులు తీరతాయి. మంత్రాలయంలో తుంగభద్ర ఒడ్డున వినపడే దాసుల పదాలు కన్నడంలో ఉంటాయి. కోట కింద సిద్దీ మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఉన్న ఊరు ఇది. ఖవ్వాలీ వినే చెవులకూ కొదవ లేదు.

మూడు భాషలకూ టిక్కు పెడితే యాప్ పాటలను గుమ్మరిస్తుంది. ఆ తర్వాతే చిక్కు. ఏ తెలుగు ఆల్బం తెరిచినా ఒక బొమ్మ, ఒక సంవత్సరం, పాటల వరస, పాడినవారి పేర్లు కనిపిస్తాయి. పాట ఎవరు రాశారో కొన్నిచోట్ల ఉంటుంది, కొన్నిచోట్ల ఉండదు. వాయిద్యం ఎవరిది, బాణీకి మూలం ఏమిటి, ఆ ఆల్బంను ఎందుకు వినాలి అనేవాటికి అక్కడ చోటే లేదు. అదే 1959 నాటి మైల్స్ డేవిస్ ఆల్బం 'కైండ్ ఆఫ్ బ్లూ'ను రూన్ అనే సాఫ్ట్‌వేరులో తెరిస్తే సమీక్ష పేరాల కొద్దీ కనిపిస్తుంది. డ్రమ్ములు వాయించిన జిమ్మీ కాబ్ పేరు నొక్కితే ఆయన వాయించిన మిగతా ఆల్బంలు వరసగా వస్తాయి. వినేవాడు ఒక పాట నుంచి ఒక మనిషికి, ఆ మనిషి నుంచి మరో పాటకు నడుచుకుంటూ పోతాడు.

ఆదోని సీమ జనం కూడా ఒకప్పుడు అలాగే నడిచారు. దారి చూపినవాళ్లే వేరు.

1871లో మద్రాసు నుంచి వచ్చిన రైలుమార్గం, బొంబాయి నుంచి వచ్చిన మార్గం రాయచూరు దగ్గర కలిశాయి. ఆదోని ఆ దారిలోని స్టేషను. పత్తి మూటలు ఎక్కిన రైళ్లలోనే నాటక సమాజాలూ తిరగసాగాయి. అప్పటికి ఆదోని బళ్లారి జిల్లాలోని తాలూకా కేంద్రం. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాకు, రాయదుర్గం అనంతపురానికి వచ్చాయి, బళ్లారి మైసూరుకు వెళ్లింది. అంతవరకు ఈ ప్రాంతానికి కచేరీ పనికైనా నాటకానికైనా బళ్లారే పట్నం.

ఆ బళ్లారి సామాన్యమైనది కాదు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) 1880ల్లో అక్కడ సరసవినోదినీ సభను నడిపి, 'చిత్రనళీయం' వంటి నాటకాలు రాసి ఆడించారు. తెలుగు నాటకంలో పద్యానికి, వచనానికి తోడు పాటను నిలబెట్టిన ఘనత ఆయనకే ఇస్తారు. 'ఆంధ్ర నాటక పితామహుడ'న్న బిరుదూ అలా వచ్చిందే. పోటీగా కోలాచలం శ్రీనివాసరావు (1854–1919) సుమనోరమ సభ పెట్టారు. ఆయన నాటకాలతో ఆగక, ప్రపంచ నాటకరంగ చరిత్రను ఇంగ్లీషులో ఒక గ్రంథంగా రాసి 1908లో అచ్చువేశారు. బళ్లారిలో వకీలుగా ఉన్న ఒక తెలుగువాడు గ్రీకు నాటకం దగ్గర మొదలుపెట్టి దేశదేశాల రంగస్థలాలను తూచిన పుస్తకం అది. చూసినదాన్ని గురించి రాయడం కూడా కళలో భాగమేనని ఈ ప్రాంతానికి అప్పుడే తెలుసు.

ధర్మవరంవారి మేనల్లుడు బళ్లారి రాఘవ (1880–1946) ఇంకో అడుగు ముందుకు వేశారు. పద్యాన్ని రాగం తీసి సాగదీయడం, సందర్భం చచ్చిపోయేదాకా ఆలాపన చేయడం ఆయనకు గిట్టలేదు. నటన ముందు, గానం తర్వాత అన్నది ఆయన పట్టు. ప్రేక్షకుల పట్టు వేరు. పద్యం పూర్తికాగానే 'వన్స్ మోర్' అని కేకలు పడేవి, నటుడు చచ్చిపడిపోయిన పాత్రలో ఉన్నా లేచి మళ్లీ పాడిన రోజులవి. ఆ కేకను సమీక్షగానే లెక్కించాలి. రాఘవ అభ్యంతరమూ సమీక్షే. పాట మంచిదా కాదా అన్న వాదం పాట పక్కనే, అదే పందిట్లో, అదే రాత్రి నడిచింది.

గ్రామఫోను వచ్చి ఆ పందిటిని మూడు నిమిషాలకు కుదించింది. 1902 నవంబరులో కలకత్తాలో గౌహర్ జాన్ పాడిన రికార్డుల్లో ప్రతి పాట చివరా ఆమె తన పేరు తానే ఇంగ్లీషులో చెబుతుంది. మైనం పలకలు జర్మనీలోని హానోవరుకు వెళ్లి ప్లేట్లుగా అచ్చయ్యేవి. అక్కడి పనివాళ్లకు ఏ పాట ఎవరిదో తెలియాలంటే గొంతే పేరు చెప్పాలి. పాటకు తగిలించిన తొలి చీటీ అది, శబ్దంలోనే ఉంది. తర్వాత ఆ పని ప్లేటు మధ్యలోని గుండ్రటి కాగితానికి వచ్చింది. కాగితం చిన్నది. పాడినవారి పేరు, పాట మొదటి మాటలు, కంపెనీ నంబరు పట్టేసరికి చోటు అయిపోయేది. రాసినవాడు, బాణీ కట్టినవాడు, హార్మోనియం వాయించినవాడు చాలా ప్లేట్ల మీద లేరు.

అయినా తెలుగు శ్రోతకు పెద్ద లోటు అనిపించలేదు. ఎందుకంటే 1920ల్లో, 30ల్లో వచ్చిన ప్లేట్లు ఎక్కువగా నాటకాలవే. కపిలవాయి రామనాథశాస్త్రి పద్యం వినేవాడికి ఆ పద్యం ఏ నాటకంలోదో, ఏ సందర్భమో ముందే తెలుసు. స్థానం నరసింహారావు సత్యభామగా పాడిన పాటకు ప్రసిద్ధి ఎంతంటే, 1966లో 'శ్రీకృష్ణ తులాభారం' సినిమా తీసినప్పుడు దాన్ని వదలకుండా సుశీల చేత పాడించారు. ఆ పాటను స్థానంవారే రాసుకున్నారు. ఈరోజు యాప్‌లో అది అరవైల నాటి సినిమా పాట మాత్రమే. దాని వెనుక ఆడవేషంలో తెలుగునాడును ఊపేసిన ఒక మగ నటుడు ఉన్నాడని, అతనే ఆ మాటలు రాశాడని రెండు వాక్యాలు జతచేస్తే, సుశీల గొంతులో పాట మరింత తియ్యగా వినపడుతుంది. సమీక్ష వల్ల ప్రయోజనం ఏమిటని అడిగేవారికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

ప్లేటు మీద పేరు లేకపోవడం ఎంతదాకా వెళ్లిందో హిందీ సినిమా 'మహల్' (1949) చూపిస్తుంది. అందులోని ప్రసిద్ధమైన పాట రికార్డు మీద గాయని పేరు 'కామిని' అని పడింది. కామిని అంటే సినిమాలో మధుబాల పాత్ర. రేడియోలో విన్న జనం పాడిందెవరో చెప్పమని ఉత్తరాలు రాస్తే కంపెనీ నుంచి కబురు తెప్పించుకుని లతా మంగేష్కర్ పేరు ప్రకటించారు. శ్రోతలు అడిగి సాధించుకున్న పేరు అది.

తెలుగు సినిమాకు ఈ లోటు తీర్చే మందు ఒకటి ఉండేది: పాటల పుస్తకం. సినిమాహాలు దగ్గర అణాకో బేడకో దొరికే ఆ సన్నని పుస్తకంలో తారాగణం, సాంకేతికవర్గం, కథా సంగ్రహం, పాటలన్నీ అచ్చులో ఉండేవి. కథ సగంలో ఆపి మిగతాది వెండితెర మీద చూడమనేవారు. చదువు అంతంతమాత్రమైన ఇళ్లలో కూడా ఎవరో ఒకరు దాన్ని పాడి వినిపిస్తే మిగతావారు పట్టేవారు. పింగళి నాగేంద్రరావు, సముద్రాల, మల్లాది రామకృష్ణశాస్త్రి పేర్లు పల్లెలకు చేరింది ఆ పుస్తకాల ద్వారానే. అసలైన సమీక్ష కావలసినవారికి పత్రికలు ఉన్నాయి. ముట్నూరి కృష్ణారావు నడిపిన 'కృష్ణాపత్రిక'లో 'సినిమా ఫ్యాన్' పేరుతో రాసిన కమలాకర కామేశ్వరరావు, ఆ విమర్శల బలంతోనే సినిమారంగానికి వెళ్లి దర్శకుడయ్యారు. 1966లో మొదలైన 'విజయచిత్ర' సినిమా ముచ్చట్లను రంగుల్లో ఊరూరా పంచింది.

పుస్తకమూ పత్రికా చెప్పనివి కూడా ఉంటాయి. 'మాయాబజార్' (1957) పాటల పుస్తకంలో, తెర మీద, ప్లేట్ల మీద సంగీతం ఘంటసాలది. ఆ సినిమాకు తొలుత సంగీతం మొదలుపెట్టింది సాలూరి రాజేశ్వరరావు. నాలుగు పాటలకు బాణీలు కట్టాక ఆయన తప్పుకున్నారు. ఆ బాణీలకు వాద్యగోష్ఠి సమకూర్చి, మిగతా పాటలు కట్టి సినిమా పూర్తిచేసింది ఘంటసాల. ఈ సంగతి తెలిసి విన్నవాడికి ఆ ఆల్బంలో ఇద్దరు మహానుభావుల చేతులు పక్కపక్కన కనపడతాయి. యాప్‌లో ఒక్క పేరే కనపడుతుంది. ఆరున్నర దశాబ్దాలకు పైగా తెలుగువారు మళ్లీ మళ్లీ వింటున్న ఆల్బం పరిస్థితే ఇదైతే, పేరు మోయని సినిమాల గతి చెప్పనక్కర్లేదు.

రాయలసీమలో మైకుసెట్టు మనిషిని కూడా ఈ చరిత్రలోకి తేవాలి. పెళ్లికి, జాతరకు, రాజకీయ సభకు గొట్టాలు కట్టి ప్లేట్లు వేసే ఆయనకు ఏ వేళకు ఏ పాటో తెలుసు. తెల్లవారుజామున భక్తిపాట, భోజనాల వేళ హుషారు పాట, అప్పగింతలప్పుడు కన్నీళ్లు తెప్పించే పాట. ఊరి అభిరుచిని తయారుచేసిన ఇలాంటివాళ్ల పేర్లు ఏ పుస్తకానికీ ఎక్కలేదు. ఆ ఎంపికను ఈనాటి ప్లేలిస్టుతో పోల్చడం తేలిక. తేడా ఏమిటంటే, నచ్చకపోతే మైకుసెట్టు ఆయన దగ్గరికి వెళ్లి ఈ పాట ఎందుకు వేశావని నిలదీయవచ్చు, ఆయన చెబుతాడు.

రేడియో రాకతో పాట చుట్టూ ఉండే మాట గొంతుగా మారింది. ఆదోనికి దగ్గరలోని నేతగాళ్ల ఊరు ఎమ్మిగనూరుకు అది ఎంత అవసరమో మగ్గాల వీధుల్లోకి వెళ్తే అర్థమవుతుంది. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘాన్ని నెలకొల్పారు. అది దేశంలోనే పేరున్న సంఘంగా ఎదిగి, ఆయనకు 1954లో పద్మశ్రీ దక్కింది. మగ్గం గుంటలో కూర్చున్న నేతగాడి చేతులు, కాళ్లు, కళ్లు మూడూ పనిలో ఉంటాయి. ఖాళీగా ఉండేవి చెవులు. పాటల పుస్తకం అతనికి పగటిపూట పనికిరాదు. పాటకు ముందు సినిమా పేరు, రచయిత, సంగీత దర్శకుడు, గాయకుల పేర్లు వరసగా చదివే అనౌన్సరే అతని సమీక్షకుడు.

ఆ అనౌన్సరును మన ప్రభుత్వమే కొంతకాలం దూరం చేసింది. 1952లో సమాచార, ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్‌కు సినిమా పాటంటే చిన్నచూపు. ఆకాశవాణిలో అవి దాదాపు వినపడకుండా పోయాయి. జనం ముల్లును రేడియో సిలోను వైపు తిప్పారు. అక్కడ అమీన్ సయానీ 'బినాకా గీత్‌మాలా'లో పాటలకు వారం వారం మెట్లు కట్టి, ఏది ఎక్కింది, ఏది దిగింది, ఎందుకు అని కథలా చెప్పారు. తెలుగు పాటలకు మీనాక్షి పొన్నుదురై గొంతు తోడైంది. చివరకు 1957 అక్టోబరులో ఆకాశవాణి వివిధభారతిని మొదలుపెట్టి శ్రోతలను వెనక్కి పిలుచుకోవలసి వచ్చింది. ఒక మంత్రి అభిరుచి ఓడిపోయి, పాట పక్కన మాట గెలిచిన సందర్భం ఇది. శ్రోతలు ఉత్తరాల్లో పేర్లు రాసి కోరిన పాటలు వేయించుకునే అలవాటుకు ఊతం కూడా ఇక్కడే దొరికింది.

శాస్త్రీయ సంగీతం విషయంలో కర్నూలు జిల్లాకు ఒక పెద్ద అదృష్టం ఉంది. డాక్టర్ శ్రీపాద పినాకపాణి (1913–2013) కర్నూలు వైద్య కళాశాలలో ఆచార్యుడు, అక్కడే స్థిరపడ్డారు. పగలు రోగులు, మిగిలిన వేళంతా సంగీతం. తంజావూరు బాణీని తెలుగునాట పాదుకొల్పిన గురువు ఆయన. వేల కొద్దీ పుటల్లో స్వరపరచిన కీర్తనలను 'సంగీత సౌరభం' పేరుతో తిరుమల తిరుపతి దేవస్థానం సంపుటాలుగా అచ్చువేసింది. నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ ఆయన శిష్యులు.

దేవస్థానం పూనికతో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన 'బాలాజీ పంచరత్నమాల' ఎల్పీ రికార్డులు 1980 ప్రాంతంలో ఇంటింటికీ చేరాయి. అందులోని కొన్ని అన్నమయ్య కీర్తనలకు స్వరం కట్టింది నేదునూరి. అంటే కర్నూలు డాక్టరు గారి దగ్గర సానపట్టిన సంగీతం, తమిళ గాయని గొంతులో, తెలుగు వాకిళ్లలో తెల్లవారుతూనే మోగింది. ఎల్పీ అట్ట పెద్దది, వెనకవైపు వివరాలకు చోటు ఉండేది. ఇప్పుడు అవే కీర్తనలు యాప్‌లో సుబ్బులక్ష్మి పేరు కింద ముక్కలు ముక్కలుగా, ఒక్కోసారి నాలుగైదు సంకలనాల్లో, నాలుగైదు వేర్వేరు సంవత్సరాలతో కనపడతాయి. నేదునూరి పేరు దొరికితే వినేవాడు అక్కడినుంచి వోలేటికి, పినాకపాణికి వెళ్లగలడు. దొరక్కపోతే అక్కడే ఆగిపోతాడు. గురుపరంపరే ప్రాణమైన సంగీతానికి ఇది చిన్న నష్టం కాదు.

కాసెట్టు వచ్చి పాటను చౌక చేసింది. ఎనభైల్లో ఖాళీ టేపు, కోరిన పాటల చీటీ కాసెట్లకొట్టులో ఇచ్చి వెళ్తే సాయంత్రానికి రికార్డు చేసి ఇచ్చేవారు. ఎవరికి వారే సంకలనకర్తలయ్యారు. డబ్బీలోని కాగితం మీద మాత్రం పాట మొదటి మాటలు తప్ప మరేమీ మిగల్లేదు. పాట ఎక్కువైంది, కబురు తగ్గింది. ఇప్పటి యాప్‌ల స్వభావం ఆ చీటీలోనే మొదలైంది.

మంత్రాలయం దుకాణాల్లో అమ్మిన దాసుల పదాల కాసెట్లనే తీసుకుంటే నష్టం ఎక్కడ జరిగిందో తెలుస్తుంది. వాటిలో విజయదాసు (1682–1755) పదాలు తప్పకుండా ఉంటాయి. పుట్టింది మాన్వి దగ్గర చీకలపర్వి, చివరి రోజులు గడిపింది ఆలూరు వైపున్న చిప్పగిరి. కార్తీక శుద్ధ దశమినాడు ఆయన ఆరాధన అక్కడే జరుగుతుంది. కన్నడ భక్తి సాహిత్యంలో శిఖరం అనదగ్గ మనిషి, తెలుగు జిల్లాలో విశ్రమించాడు. యాప్ ఆయన్ను కన్నడ అరలో పెట్టింది. తెలుగు అరలో వెతికే ఆదోని కుర్రవాడికి ఆయన ఎదురుపడడు. భాషను బట్టి అరలు కట్టే యంత్రానికి చిప్పగిరి ఎక్కడుందో తెలియదు. ఆ పదాల మీద రాసిన నాలుగు వాక్యాల పరిచయానికి తెలుస్తుంది.

ఇంగ్లీషు పాటలకు ఈ పరిచయాలు ఊరికే రాలేదు. 1991లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, బిగ్ ర్యాపిడ్స్ అనే చిన్న ఊళ్లో మైకేల్ ఎర్లవైన్ ఆల్‌మ్యూజిక్‌ను మొదలుపెట్టారు. దొరికిన ప్రతి ఆల్బంకూ వివరం, వీలైనంతవరకు సమీక్ష, నక్షత్రాల లెక్క. ముందు పుస్తకం, ఆపైన కంప్యూటరు. తర్వాత ఇతర కంపెనీలు ఆ రాతలను డబ్బిచ్చి తెచ్చుకుని తమ సాఫ్ట్‌వేరుల్లో చూపించాయి. స్పాటిఫై తొలినాళ్ల కళాకారుల పరిచయాలు, 2015లో వచ్చిన రూన్‌లోని సమీక్షలు ఆ బావి నీళ్లే. ఆదోని అంత కూడా లేని ఊళ్లో మొదలైన పని ప్రపంచమంతటి శ్రోతల చెవి పక్కన చేరింది.

దానిలో లోపాలూ ఉన్నాయి. పాతికేళ్ల కిందటి అభిప్రాయం కొత్త ముద్రణ మీద కూడా అలాగే అతుక్కుని ఉంటుంది. నక్షత్రాలు చూసి వినకుండానే దాటిపోయేవారు తక్కువేమీ కాదు. భారతీయ సినిమా సంగీతానికి వచ్చేసరికి ఆ రాతల్లో పేజీలకు పేజీలు ఖాళీలే. అందుకే తీర్పు చెప్పే సమీక్ష కన్నా దారి చూపే సమీక్ష విలువైనది. ఎన్ని నక్షత్రాలు అన్నది శ్రోత తనే తేల్చుకోగలడు. నాలుగు బాణీలు రాజేశ్వరరావువని తనంతట తాను తేల్చుకోలేడు.

తెలుగులో అలాంటి రాత లేకపోలేదు. మద్రాసులో వేలాది 78 ఆర్.పి.ఎం. ప్లేట్లు పోగుచేసిన వి.ఎ.కె. రంగారావు 'ఆలాపన' వ్యాసాల్లో ఒక్కో పాటను రికార్డు నంబరుతో, బాణీ మూలంతో, తన మెచ్చుకోలుతో, మొహమాటం లేని చీవాట్లతో పరిచయం చేశారు. ఆయనతో ఏకీభవించనివారు కూడా ఆ పాటను మళ్లీ విని ఆయన మాట తప్పని రుజువు చేయాలనుకుంటారు. సమీక్ష నుంచి ఆశించవలసింది అదే. 1998లో ప్రవాసాంధ్రులు ప్రారంభించిన 'ఈమాట' పత్రిక, జర్మనీలో ఉండే పరుచూరి శ్రీనివాస్ సేకరణ నుంచి పాత రికార్డులను, ఆకాశవాణి ప్రసారాలను వినిపిస్తూ, పక్కనే వాటి పుట్టుపూర్వోత్తరాలను అచ్చువేసింది. శబ్దం, దాని వివరం ఒకే పుటలో ఉండాలన్న ఆలోచనను తెలుగులో ఆచరించి చూపిన పని అది.

ఆ పని పెద్ద యాప్‌ల దాకా చేరే తోవ తెరిచే ఉంది. 2000లో మొదలైన మ్యూజిక్‌బ్రెయిన్జ్ అనే వివరాల భాండారంలో ఎవరైనా ఖాతా తెరిచి, ఒక ఆల్బం రచయితల పేర్లు, వాద్యకారుల పేర్లు, అసలు విడుదల సంవత్సరం తెలుగు లిపిలోనే చేర్చవచ్చు. రూన్ ఆ వివరాలను వాడుకుంటుంది. దాని సోదర సంస్థ లాంటి క్రిటిక్‌బ్రెయిన్జ్ ఆల్బంలకు సమీక్షలు స్వీకరిస్తుంది. ఏ భాషలో రాస్తున్నారో ఎంచుకునే వీలు అక్కడ ఉంది. చేయవలసిన మొదటి పనులు చిన్నవే. 'శ్రీకృష్ణ తులాభారం' పుటలో రచయితగా స్థానం నరసింహారావు పేరు, 'మాయాబజార్' పుటలో రాజేశ్వరరావు బాణీల వివరం, పంచరత్నమాలలో ఏ కీర్తన స్వరం ఎవరిదన్న పట్టిక. ఎమ్మిగనూరు మగ్గాల వీధి కోసమైతే ఆ నాలుగు మాటలను ఒక గొంతుతో చదివించి, పాటకు ముందు వినిపించాలి.